ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాక చికిత్స ఎలా ఎంచుకోవాలి?

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే: ఆపరేషన్ మంచిదా, రేడియేషన్ మంచిదా? రిపోర్టు చూడకుండానే దీనికి జవాబు చెప్పేవాళ్ల మాట పక్కన పెట్టండి. బ్రిటన్‌లో ‘ప్రొటెక్ట్’ అనే పరిశోధన జరిగింది. ప్రోస్టేట్ గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని లాటరీ తీసినట్టు మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్, మూడో జట్టుకు చికిత్స లేకుండా పరీక్షలతో గమనించడం. 15 ఏళ్ల తర్వాత చూస్తే, ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మూడు జట్లలోనూ నూటికి ఇద్దరు ముగ్గురే. పెద్ద తేడాలు బయటపడింది మూత్రం ఆపుకోవడంలో, అంగస్తంభనలో, మలవిసర్జనలో.

అయితే ఆ పరిశోధనలో చేరినవాళ్లలో ఎక్కువమందిది తొలిదశ. మీది దూకుడు రకమైతే ఆ లెక్క మీకు వర్తించదు. అందుకే ముందు మీ క్యాన్సర్ ఏ తరగతిదో తేల్చుకోవాలి. ఆ తర్వాతే ఏ ఇబ్బందిని భరించగలరు, ఏది భరించలేరు అన్న ఆలోచన. కింది దశలు ఆ వరుసలోనే ఉన్నాయి. తండ్రి కోసం కొడుకో కూతురో చదువుతున్నా ఇదే వరుస.

ముందుగా ఒక హెచ్చరిక. కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరెక్కడం, వాటితోపాటు నడుంనొప్పి, ఉన్నట్టుండి మలమూత్రాల మీద పట్టు పోవడం, లేదా మూత్రం పూర్తిగా బిగిసిపోవడం ఉంటే ఇది చదవడం ఆపి అత్యవసర విభాగానికి వెళ్లండి. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుంటే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బయాప్సీ పూర్తి రిపోర్టు. డిశ్చార్జి కాగితంలో రాసిన ఒక్క లైను చాలదు.
- ఇప్పటిదాకా చేయించిన పీఎస్‌ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే ప్రోటీన్) విలువలన్నీ, తేదీలతో సహా.
- ఎంఆర్‌ఐ రిపోర్టు, దాని సీడీ లేదా పెన్‌డ్రైవ్. చికిత్స చేసే డాక్టర్లు బొమ్మలే చూడాలనుకుంటారు.
- వాడుతున్న మందుల జాబితా. రక్తం పలచబడే మందులు, ప్రోస్టేట్ వాపుకు వాడే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ తప్పకుండా రాయండి. మూలికా మందులూ రాయండి.
- పాత ఆపరేషన్లు (ముఖ్యంగా మూత్రనాళం ద్వారా ప్రోస్టేట్ గీకిన ఆపరేషన్, హెర్నియా మెష్), గుండె జబ్బు, షుగర్, పేగుల్లో దీర్ఘకాలిక వాపు, గతంలో పొత్తికడుపుకు ఇచ్చిన రేడియేషన్.
- రక్తసంబంధీకుల్లో ప్రోస్టేట్, రొమ్ము, అండాశయం, పాంక్రియాస్ క్యాన్సర్లు ఎవరికి, ఏ వయసులో వచ్చాయో.
- ఒక నోటుపుస్తకం, వెంట వచ్చే మనిషి ఒకరు. క్యాన్సర్ అన్న మాట విన్నాక డాక్టర్ చెప్పిన దాంట్లో సగం చెవికెక్కదు. రెండో జత చెవులు ఉండాలి.

దశ 1: మీకు ఎంత సమయం ఉందో తెలుసుకోండి

తక్కువ, మధ్యస్థ ముప్పు ఉన్నవాళ్లు కొన్ని వారాలు, అవసరమైతే రెండు నెలలు ఆలోచించుకున్నా నష్టం లేదు. ఎలాగూ బయాప్సీ గాయం, వాపు తగ్గేదాకా సుమారు ఆరు వారాలు ఆగి ఆపరేషన్ చేసే సర్జన్లే ఎక్కువ. ముప్పు ఎక్కువున్నవాళ్లు స్కాన్లు, సంప్రదింపులు త్వరగా ముగించుకోవాలి. ఎముకలకు పాకినట్టు తేలితే మాత్రం హార్మోన్ చికిత్స (టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ను తగ్గించేది) మొదలుపెట్టడంలో జాప్యం చేయకూడదు.

“ఎల్లుండి స్లాట్ ఖాళీ ఉంది, ఇప్పుడే అడ్వాన్స్ కట్టండి” అని ఎవరైనా తొందరపెడితే, మీ క్యాన్సర్ ఏ తరగతిదో, ఎందుకంత తొందరో రాసి ఇమ్మని అడగండి.

దశ 2: బయాప్సీ రిపోర్టు లైను లైనుగా చదవండి

రిపోర్టులో ఇలాంటి లైన్లు కనిపిస్తాయి:

“ఎడమ బేస్: 2 కోర్లలో 1 పాజిటివ్. గ్లీసన్ 3+4=7, గ్రేడ్ గ్రూప్ 2. ప్యాటర్న్ 4: 10 శాతం. క్యాన్సర్ పొడవు 4 మి.మీ. క్రిబ్రిఫాం లేదు.”

సూదితో తీసిన ఒక్కో సన్నటి ముక్క ఒక కోర్. గ్రంథి ఎడమవైపు పైభాగంలో రెండు ముక్కలు తీస్తే ఒకదాంట్లో క్యాన్సర్ కనిపించిందని మొదటి వాక్యం అర్థం. గ్లీసన్ అంటే క్యాన్సర్ దూకుడును చెప్పే కొలమానం. అందులో మొదటి అంకె ఎక్కువగా కనిపించిన కణాల తీరు (ప్యాటర్న్), రెండోది దాని తర్వాతది. 3 కంటే 4, 4 కంటే 5 దూకుడువి. అందుకే 3+4, 4+3 రెండూ కూడితే ఏడే అయినా ఒకటి కావు: 3+4 అంటే గ్రేడ్ గ్రూప్ 2, 4+3 అంటే గ్రేడ్ గ్రూప్ 3. 3+3 అయితే గ్రూప్ 1, కూడిక 8 అయితే గ్రూప్ 4, 9 లేదా 10 అయితే గ్రూప్ 5.

ఇక్కడ చాలామంది పొరబడతారు. గ్లీసన్ 6 అనగానే “పదికి ఆరు, సగం దాటిపోయింది” అని హడలిపోతారు. ఇప్పుడు బయాప్సీలో ఇచ్చే కొలమానం ఆరుతోనే మొదలవుతుంది. ఆరు అంటే అన్నిటికన్నా నెమ్మదైన రకం. దీన్ని అసలు క్యాన్సర్ అని పిలవాలా అని నిపుణులే వాదించుకుంటున్నారు.

వెతకాల్సిన మాటలు ఇంకో రెండున్నాయి: ‘క్రిబ్రిఫాం’ (కణాలు జల్లెడలా అమరడం), ‘ఇంట్రాడక్టల్’ (గ్రంథి నాళాల లోపల క్యాన్సర్ పెరగడం). ఇవి ఉంటే గ్రేడ్ తక్కువగా కనిపించినా క్యాన్సర్ మొండిది కావచ్చు. చికిత్స లేకుండా గమనిద్దామన్న ఆలోచన సాధారణంగా అక్కడ ఆగిపోతుంది. రిపోర్టులో వీటి ఊసే లేకపోతే, చూసి లేవన్నారా, అసలు చూడలేదా అని అడగండి.

ఎన్ని కోర్లలో క్యాన్సర్ ఉందో లెక్కపెట్టేటప్పుడు ఒక మెలిక ఉంది. ఎంఆర్‌ఐలో కనిపించిన ఒకే మచ్చలోంచి మూడు నాలుగు ముక్కలు తీసి ఉంటే, అన్నిట్లో క్యాన్సర్ ఉన్నా ఒక్కటిగానే లెక్కించాలి. లేకపోతే శాతం లేనిపోనంత పెరిగి కనిపిస్తుంది.

గ్రేడ్ మీద ఏమాత్రం అనుమానం ఉన్నా, లేదా గ్రూప్ 1కీ 2కీ, 2కీ 3కీ మధ్య నిర్ణయం మారిపోయేలా ఉన్నా, ప్రోస్టేట్ స్లైడ్లు రోజూ చూసే మరో పాథాలజిస్టు చేత చదివించండి. మళ్లీ బయాప్సీ అక్కర్లేదు. ల్యాబ్‌లో స్లైడ్లు, మైనపు బ్లాకులు భద్రంగా ఉంటాయి, అడిగి తీసుకోవచ్చు. రెండో అభిప్రాయాల్లో అన్నిటికన్నా సులువైనదీ, అందరూ మరిచిపోయేదీ ఇదే.

దశ 3: పీఎస్‌ఏను సరిచూసుకోండి

బయాప్సీకి ముందు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేనప్పుడు చేసిన పీఎస్‌ఏనే లెక్కలోకి తీసుకోండి. బయాప్సీ తర్వాత కొన్ని వారాలపాటు అది పెరిగే ఉంటుంది. ఫినాస్టెరైడ్ లేదా డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలకు పైగా వాడుతుంటే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 6 అని ఉంటే అసలు విలువ 12 చుట్టూ అనుకోవాలి. దాంతో తరగతే మారిపోవచ్చు.

తర్వాత పీఎస్‌ఏ సాంద్రత. పీఎస్‌ఏను గ్రంథి పరిమాణంతో భాగించండి. పరిమాణం ఎంఆర్‌ఐ రిపోర్టులో సీసీల్లో ఉంటుంది. పీఎస్‌ఏ 6.8, గ్రంథి 52 సీసీ అయితే 0.13. అదే 6.8, గ్రంథి 28 సీసీ అయితే 0.24. 0.15 దాటితే పీఎస్‌ఏ పెరగడానికి గ్రంథి వాపు ఒక్కటే కారణం కాదని అనుమానించాలి. గమనింపు ఎంచుకోబోయేవాళ్లకు ఈ అంకె బాగా పనికొస్తుంది.

దశ 4: మీ తరగతి తేల్చుకోండి

- తక్కువ ముప్పు: గ్రేడ్ గ్రూప్ 1, పీఎస్‌ఏ 10 లోపు, వేలితో పరీక్షిస్తే గడ్డ తగలకపోవడం లేదా ఒక పక్క సగంలోపే ఉండటం (రిపోర్టులో టీ1 నుంచి టీ2ఏ అని రాస్తారు).
- మధ్యస్థం: గ్రేడ్ గ్రూప్ 2 లేదా 3, లేదా పీఎస్‌ఏ 10 నుంచి 20, లేదా గడ్డ ఒక పక్క సగం దాటడం (టీ2బీ), రెండు పక్కలా ఉండటం (టీ2సీ).
- ఎక్కువ ముప్పు: గ్రేడ్ గ్రూప్ 4 లేదా 5, లేదా పీఎస్‌ఏ 20 దాటడం, లేదా గ్రంథి పొర దాటడం (టీ3, టీ4).

గ్రేడ్, పీఎస్‌ఏ, గడ్డ పాకిన తీరు, ఈ మూడింట్లో ఏది అన్నిటికన్నా చెడ్డదో అదే మీ తరగతి. పీఎస్‌ఏ 7 అయినా గ్లీసన్ 8 ఉంటే అది ఎక్కువ ముప్పే. ‘పీఎస్‌ఏ తక్కువే కదా’ అని ఊరట పడే చోటు కాదది.

మధ్యస్థంలో మళ్లీ రెండు రకాలు. గ్రేడ్ గ్రూప్ 1 లేదా 2, పై లక్షణాల్లో ఒకటే ఉండటం, సగం కన్నా తక్కువ కోర్లలో క్యాన్సర్ అయితే మెతక రకం. గ్రూప్ 3 అయినా, రెండు మూడు లక్షణాలు కలిసినా, సగం లేదా అంతకన్నా ఎక్కువ కోర్లలో ఉన్నా గట్టి రకం. మీది ఏ రకమో డాక్టర్ నోటితో చెప్పించుకుని నోటుపుస్తకంలో రాసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడతాయి.

దశ 5: స్కాన్లు ఎవరికి కావాలో చూడండి

తక్కువ ముప్పుకు ఎముకల స్కాన్, పెట్ స్కాన్ అక్కర్లేదు. చేయిస్తే పాత గాయమో, కీళ్ల అరుగుదలో మెరిసి లేనిపోని భయం పుట్టిస్తుంది. గట్టి మధ్యస్థం, ఎక్కువ ముప్పులకు మాత్రం చికిత్స ఎంచుకునే ముందే స్కాన్ పూర్తి కావాలి. పీఎస్‌ఎంఏ పెట్ (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు అతుక్కునే పదార్థం ఎక్కించి తీసే స్కాన్) దొరికితే అదే మేలు. 2020లో వెలువడిన పరిశోధనలో దాని కచ్చితత్వం 92 శాతం, మామూలు సీటీ, ఎముకల స్కాన్ జంటది 65 శాతం. అయినా పీఎస్‌ఎంఏ స్కాన్‌లో పక్కటెముకలో ఒంటరిగా, మసకగా మెరిసే చుక్క చాలాసార్లు క్యాన్సర్ కాదు. ఆ ఒక్క చుక్క చూసి ‘నాలుగో దశ’ అని ఖాయం చేసుకోకండి. ఎంఆర్‌ఐతోనో సీటీతోనో పోల్చి చూడమనండి.

క్యాన్సర్ ఎక్కువ ముప్పుదైనా, వ్యాపించినా, కుటుంబంలో చరిత్ర ఉన్నా వంశపారంపర్య జన్యు పరీక్ష గురించి అడగండి. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం బయటపడితే మీ చికిత్స మారొచ్చు. మీ పిల్లలకూ, ఆడపిల్లలతో సహా, అది తెలియాల్సిన సంగతే.

దశ 6: మీ శరీరం లెక్క కూడా రాసుకోండి

మూత్రం ధార, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇప్పుడు అంగస్తంభన ఎలా ఉంది, మలవిసర్జనలో ఇబ్బందులున్నాయా, ఇవన్నీ చికిత్సకు ముందే రాసిపెట్టుకోండి. సిగ్గుపడి వదిలేసే ప్రశ్నలు ఇవే, తర్వాత బాధపెట్టేవీ ఇవే. ఇప్పటికే స్తంభన పోయినవాళ్లకు నరాలు కాపాడే ఆపరేషన్ అంత పెద్ద ఆకర్షణ కాదు. ఇప్పటికే మూత్రం సరిగా రానివాళ్లకు గింజల రేడియేషన్ (గ్రంథి లోపలినుంచే ఇచ్చేది) ఇంకా కష్టం తెచ్చిపెడుతుంది.

వయసు కన్నా ఆరోగ్యం ముఖ్యం. తక్కువ ముప్పు క్యాన్సర్‌కు చికిత్స ఫలితం కనిపించేది పదేళ్ల తర్వాతే. గుండె, కిడ్నీల పరిస్థితి చూస్తే పదేళ్లు కష్టమనిపించే మనిషికి ఆపరేషన్ వల్ల ఇబ్బందులే మిగులుతాయి. అలాగని 76 ఏళ్ల వయసులో గట్టిగా తిరిగే మనిషికి గ్లీసన్ 9 ఉంటే ‘ఈ వయసులో ఎందుకులే’ అని వదిలేయడమూ పొరపాటే.

దశ 7: మీ తరగతికి సరిపోయే దారులు

*నిఘా (యాక్టివ్ సర్వైలెన్స్).* తక్కువ ముప్పువాళ్లకు ఇది మొదటి ఎంపిక. మెతక మధ్యస్థంలో కొందరికి కూడా కుదురుతుంది. నిఘా అంటే ఊరికే కూర్చోవడం అనుకోకండి. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, ఏడాదికోసారి వేలి పరీక్ష, మొదటి ఏడాదిలో మరోసారి బయాప్సీ, తర్వాత ఎంఆర్‌ఐ, కొన్నేళ్లకోసారి బయాప్సీ. గ్రేడ్ పెరిగితే అప్పుడు చికిత్స. ప్రొటెక్ట్‌లో గమనింపు జట్టులో 15 ఏళ్లలో నూటికి 61 మంది ఏదో ఒక దశలో ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు. ఏ చికిత్సా లేకుండానే 15 ఏళ్లు దాటి బతికి ఉన్నవాళ్లు నూటికి 24 మంది. దీని మూల్యం కూడా చెప్పాలి: క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినవాళ్లు ఈ జట్టులో నూటికి 9 మంది, మిగతా రెండు జట్లలో 5 చొప్పున. పరీక్షలకు సరిగ్గా వెళ్లలేనివాళ్లు ఈ దారి పట్టకూడదు. పీఎస్‌ఏ రిపోర్టు కోసం ఎదురుచూసే వారమంతా నిద్ర పట్టని మనిషైతే అదీ ఆలోచించాల్సిందే.

*ఆపరేషన్.* గ్రంథి మొత్తం, వీర్యాశయాలతో సహా తీసేస్తారు. ముప్పు ఎక్కువుంటే పక్కనున్న లింఫు గ్రంథులూ తీస్తారు. క్యాథెటర్ (మూత్రం బయటికి పోయే గొట్టం) వారం నుంచి రెండు వారాలు ఉంటుంది. బరువులు ఎత్తడం ఆరు వారాలు మానాలి. ప్రొటెక్ట్‌లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఆరు నెలలకు నూటికి 46 మంది ప్యాడ్ వాడుతున్నారు, ఆరేళ్లకు 17 మంది. సంభోగానికి సరిపడా స్తంభన చికిత్సకు ముందు నూటికి 67 మందికి ఉండగా, ఆపరేషన్ అయిన ఆరు నెలలకు 12 మందికే మిగిలింది. నరాలు కాపాడితే రెండేళ్ల దాకా మెల్లగా కోలుకునే అవకాశం ఉంటుంది. వీర్యం మాత్రం ఇక రాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే వీర్యం భద్రపరుచుకోవాలి.

రోబో సాయంతో చేసే ఆపరేషన్ గురించి అందరూ అడుగుతారు. రక్తం తక్కువ పోతుంది, తొందరగా లేచి తిరుగుతారు. కానీ ఏడాది రెండేళ్ల తర్వాత మూత్రం, స్తంభనల్లో ఓపెన్ ఆపరేషన్‌కూ దీనికీ పెద్ద తేడా తేలలేదు. తేడా తెచ్చేది రోబో వెనక కూర్చున్న చెయ్యి. ఏడాదికి ఎన్ని చేస్తారో, వాళ్ల దగ్గర చేయించుకున్నవాళ్లలో ఏడాది తర్వాత ప్యాడ్ లేకుండా ఉన్నవాళ్లు ఎందరో అడగండి.

గ్లీసన్ 8, 9, 10 ఉన్నవాళ్లు ఇంకో ప్రశ్న అడగాలి: “ఆపరేషన్ తర్వాత నాకు రేడియేషన్, హార్మోన్ ఇంజెక్షన్లు కూడా అవసరమయ్యే అవకాశం ఎంత?” ఒక్క దెబ్బతో అయిపోతుందనుకుని ఆపరేషన్ ఎంచుకుని, మూడు చికిత్సల ఇబ్బందులూ మోసేవాళ్లు ఈ తరగతిలోనే ఎక్కువ.

*బయటినుంచి రేడియేషన్.* ఇప్పుడు ఎక్కువగా నాలుగు వారాల్లో 20 సార్లు, మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇస్తారు. తగినవాళ్లకు ఐదుసార్లలో 36.25 గ్రేతో ముగించే ఎస్‌బీఆర్‌టీ కూడా ఉంది. మూత్రం మంట, తొందరగా రావడం మొదటి నెలల్లో మామూలే. నెలలు, సంవత్సరాల తర్వాత మలంలో రక్తం, మూత్రంలో రక్తం కొందరికి వస్తాయి. స్తంభన ఒక్కసారిగా పోదు, ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంది. పేగుల్లో వాపు జబ్బు ఉన్నవాళ్లకు, గతంలో పొత్తికడుపుకు రేడియేషన్ పడ్డవాళ్లకు ఇది కుదరకపోవచ్చు.

గట్టి మధ్యస్థానికి దీనితోపాటు నాలుగు నుంచి ఆరు నెలలు, ఎక్కువ ముప్పుకు ఏడాదిన్నర నుంచి మూడేళ్లు హార్మోన్ ఇంజెక్షన్లు ఉంటాయి. ఈ సంగతి మొదటే అడిగి తెలుసుకోండి. రేడియేషన్ ఇబ్బందులు అనుకునేవాటిలో చాలా భాగం నిజానికి ఈ ఇంజెక్షన్లవే.

బయటినుంచి రేడియేషన్ తీసుకున్న మనిషి ఒంట్లో రేడియేషన్ నిలవదు. మనవలను ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. ప్రోటాన్ రేడియేషన్ ఖరీదైనది. ప్రోస్టేట్‌కు మామూలు ఆధునిక రేడియేషన్ కంటే అది మెరుగని రుజువు కాలేదు.

*గింజల రేడియేషన్ (బ్రాకీథెరపీ).* అయోడిన్-125 గింజలను గ్రంథిలో శాశ్వతంగా నాటడం ఒక పద్ధతి, ఇరిడియం మూలాన్ని సూదుల్లోంచి లోపలికి పంపి వెనక్కి తీసేయడం ఇంకొకటి. తక్కువ ముప్పు, మెతక మధ్యస్థాలకు ఇదొక్కటే సరిపోవచ్చు. గ్రంథి సుమారు 60 సీసీ దాటినా, మూత్రం ఇబ్బంది ఎక్కువున్నా, ఈమధ్యే గ్రంథి గీకించుకున్నా కష్టం. శాశ్వత గింజలు వేయించుకున్నవాళ్లు మొదటి రెండు నెలలు చంటిపిల్లల్ని ఒళ్లో ఎక్కువసేపు పెట్టుకోకూడదు, గర్భిణులకు దూరంగా కూర్చోవాలి.

*హార్మోన్ చికిత్స ఒక్కటే.* గ్రంథి దాటని క్యాన్సర్‌కు ‘ఆపరేషన్ వద్దు, రేడియేషన్ వద్దు, మూడు నెలలకో ఇంజెక్షన్ చాలు’ అనేది సులువైన దారిలా కనిపిస్తుంది. దాంతో క్యాన్సర్ నయం కాదు. ఎముకలు పలచబడతాయి, కండ తగ్గుతుంది, షుగర్ పెరుగుతుంది, ఒళ్లంతా వేడి ఆవిర్లు. ముఖ్య చికిత్స తట్టుకోలేని కొద్దిమందికి తప్ప దీన్ని ఒంటరిగా వాడరు.

*వ్యాపించిన క్యాన్సర్.* ఇక్కడ లెక్క తారుమారవుతుంది. టెస్టోస్టెరాన్‌ను తగ్గించే చికిత్స, సాధారణంగా ఇంజెక్షన్, తప్పనిసరి. ఈ రోజుల్లో ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోరు. అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్, డారోలుటమైడ్ అనే మాత్రల్లో ఒకటి కలుపుతారు. వ్యాప్తి ఎక్కువుంటే డోసిటాక్సెల్ కీమో కూడా. మీకు ఇంజెక్షన్ ఒక్కటే రాసి ఉంటే కారణం అడగండి. ఎముకల్లో కొద్ది చోట్లే ఉంటే ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇవ్వడం వల్ల ఆయుష్షు పెరుగుతుంది. అబిరాటెరోన్‌తో వచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రను ఒక్కసారిగా ఆపకండి, ప్రాణం మీదికి వస్తుంది.

గడ్డను మాత్రమే కాల్చే హైఫు, చలితో గడ్డకట్టించే క్రయో లాంటివి వినే ఉంటారు. ఎంచుకున్న కొందరికి పనికొస్తాయి. పదిహేనేళ్ల ఫలితాలు మాత్రం ఆపరేషన్, రేడియేషన్లకు ఉన్నంతగా వీటికి లేవు. చేయించుకున్నా మళ్లీ మళ్లీ బయాప్సీలు తప్పవు.

దశ 8: ఇద్దరు డాక్టర్లనూ కలవండి

యూరాలజిస్టు చెయ్యి ఆపరేషన్ వైపు, రేడియేషన్ ఆంకాలజిస్టు చెయ్యి రేడియేషన్ వైపు మొగ్గడం సహజం. ఎవరికి వచ్చిన విద్య మీద వారికి నమ్మకం. అందుకే నిర్ణయానికి ముందే ఇద్దరినీ విడివిడిగా కలవండి. ఒకరిని కలిసి, తేదీ ఖాయం చేసుకుని, మొహమాటానికి రెండో వారిని కలవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ట్యూమర్ బోర్డు (అన్ని విభాగాల క్యాన్సర్ డాక్టర్లు కలిసి కేసు చర్చించే సమావేశం) ఉన్న చోటైతే మీ కేసు అందులో పెట్టమనండి. ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగండి:

1. నా తరగతి ఏది? దేన్ని బట్టి?
2. ఏ చికిత్సా చేయకపోతే వచ్చే పదేళ్లలో ఏమవుతుంది?
3. మీ చికిత్స ఇబ్బందులు మొదటి ఏడాదిలో ఏవి, ఐదేళ్ల తర్వాత ఏవి?
4. ఇది విఫలమైతే తర్వాతి దారి ఏది?
5. నా స్థానంలో ఉన్న మనిషికి మీరు వద్దని చెప్పే చికిత్స ఏది? ఎందుకు?

నాలుగో ప్రశ్నకు జవాబు ముందే కొంత తెలుసుకుని వెళ్లండి. ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ తిరిగొస్తే రేడియేషన్ ఇవ్వడం తరచూ చేసే పనే. రేడియేషన్ తర్వాత గ్రంథి తీయడం కుదురుతుంది కానీ కష్టమైన ఆపరేషన్, మూత్రం కారడం ఎక్కువ. కొందరు ఇదొక్కటే కారణంగా చూపి ఆపరేషన్ వైపు తోస్తారు. అలా తేల్చేయడం సరికాదు. తిరగబెట్టే అవకాశమే తక్కువున్న మనిషికి ఈ వాదన బరువు అంతంతే.

దశ 9: కాగితం మీద తేల్చండి

మీ తరగతికి మిగిలిన దారులు సాధారణంగా రెండో మూడో. ఒక్కోదానికి ఒక గడి గీసి, మూత్రం, స్తంభన, మలం, ఆసుపత్రికి తిరగాల్సిన రోజులు, హార్మోన్ ఇంజెక్షన్ ఎన్ని నెలలు అన్నవి రాయండి. ‘ఇది మాత్రం భరించలేను’ అనుకున్నదాని కింద గీత గీయండి. భార్యాభర్తలు విడివిడిగా గీసి తర్వాత పోల్చుకుంటే మంచిది. మగవాళ్లు స్తంభన కింద, భార్యలు ‘మనిషి బతికుంటే చాలు’ అన్నదాని కింద గీత గీయడం తరచూ జరిగేదే. ఆ మాట ఆపరేషన్ థియేటర్ బయట కన్నా ఇంట్లో తేలడం నయం.

రెండు దారులూ సమానంగా తూగితే, ఆ పని ఎక్కువగా, బాగా చేసే చోటు మీకు ఎక్కడ అందుబాటులో ఉందో చూసి అటు మొగ్గండి.

దశ 10: ఎంచుకున్నదానికి సిద్ధం కండి

ఆపరేషన్ అయితే కటి కండరాల వ్యాయామం కొన్ని వారాల ముందే మొదలుపెట్టండి. అపానవాయువును ఆపుకుంటున్నట్టు, అదే సమయంలో మూత్రధారను తెంపుతున్నట్టు లోపలికి బిగించండి. 5 నుంచి 10 సెకన్లు పట్టి ఉంచి, అంతసేపూ వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. సరిగ్గా చేస్తున్నారో లేదో అద్దం ముందు నిలబడితే తెలుస్తుంది: అంగం మొదలు కాస్త లోపలికి లాగినట్టవుతుంది, వృషణాలు కొద్దిగా పైకి లేస్తాయి. పొట్ట, తొడలు, పిరుదులు బిగుస్తున్నా, ఊపిరి బిగబడుతున్నా తప్పు చేస్తున్నట్టే. క్యాథెటర్ ఉన్నన్నాళ్లు చేయకండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం రోజువారీ వ్యాయామంగా పెట్టుకోకండి.

రేడియేషన్ అయితే ప్రతిసారీ మూత్రాశయం నిండుగా, పురీషనాళం ఖాళీగా ఉండాలి. మూత్రం పోసేసి, మీ సెంటర్ చెప్పిన కొలత నీళ్లు, సాధారణంగా 400 నుంచి 500 మి.లీ., తాగి, వాళ్లు చెప్పినంతసేపు ఆగాలి. ఒకరోజు అరలీటరు, ఒకరోజు గ్లాసెడు తాగితే గ్రంథి, పేగు స్థానాలు మారి మళ్లీ స్కాన్ చేయాల్సి వస్తుంది.

హార్మోన్ ఇంజెక్షన్ అయితే మొదలుపెట్టే ముందే ఎముకల సాంద్రత, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. బరువులతో వ్యాయామం మొదటి వారం నుంచే చేయండి. గోసెరెలిన్, ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్లు తొలి వారాల్లో టెస్టోస్టెరాన్‌ను పెంచి తర్వాత తగ్గిస్తాయి. ఎముకల్లో గడ్డలున్నవాళ్లకు ముందుజాగ్రత్తగా బైకాలుటమైడ్ మాత్రలు ఇస్తున్నారో లేదో చూసుకోండి. డెగారెలిక్స్‌కు ఆ బెడద లేదు. గుండె జబ్బు ఉంటే ఏ ఇంజెక్షన్ ఇస్తున్నారో గుండె డాక్టర్‌కు కూడా చెప్పండి.

స్తంభన కోసం సిల్డెనాఫిల్, టాడలాఫిల్ వాడబోయేవాళ్లు: గుండెకు నైట్రేట్ మాత్రలు వాడుతుంటే ఇవి అస్సలు వేసుకోకూడదు.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు పీఎస్‌ఏ 0.1 లోపు ఉండాలి. తర్వాత వరుసగా రెండుసార్లు 0.2 లేదా పైన వస్తే తిరగబెట్టినట్టు లెక్క. 0.2 అంటే చిన్న అంకె అని ఆగిపోకండి. ఆపరేషన్ తర్వాత తిరగబెడితే ఇచ్చే రేడియేషన్ పీఎస్‌ఏ తక్కువగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. తీసిన గ్రంథి పాథాలజీ రిపోర్టు కూడా అడిగి చదవండి. బయాప్సీలో 3+4 అన్నది అక్కడ 4+3గా మారొచ్చు, అంచుల్లో క్యాన్సర్ మిగిలిందేమో కూడా అందులోనే ఉంటుంది.

రేడియేషన్ తర్వాత గ్రంథి లోపలే ఉంటుంది కాబట్టి పీఎస్‌ఏ సున్నా కాదు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా మెల్లగా దిగుతుంది. దిగిన అన్నిటికన్నా తక్కువ విలువకు 2 కలిపితే వచ్చే అంకెకు చేరినా, దాటినా అప్పుడు తిరగబెట్టిందంటారు. కనిష్ఠం 0.4 అయితే 2.4 అన్నమాట. మధ్యలో, ముఖ్యంగా గింజల రేడియేషన్ తర్వాత ఒకటి రెండేళ్లకు, పీఎస్‌ఏ కాస్త ఎగిరి మళ్లీ దానంతటదే దిగుతుంటుంది. దాన్ని చూసి కంగారుపడి ఇంజెక్షన్లు మొదలుపెట్టించుకోకండి. మూడు నెలలకు మళ్లీ చూపించుకోండి.

ఇంజెక్షన్లు నడుస్తున్నప్పుడు పీఎస్‌ఏతోపాటు టెస్టోస్టెరాన్ కూడా చూడాలి. టెస్టోస్టెరాన్ తగ్గకుండా పీఎస్‌ఏ పెరుగుతుంటే మందు మార్చే ముందు ఇంజెక్షన్ సరైన తేదీకి, సరిగ్గా పడిందో లేదో చూడాలి. ప్రతి పరీక్షా ఒకే ల్యాబ్‌లో చేయించండి. రెండు ల్యాబ్‌ల యంత్రాలు ఒకే రక్తానికి వేర్వేరు అంకెలు ఇవ్వగలవు. 0.1 దగ్గర ఆ తేడాయే మనిషికి నిద్ర లేకుండా చేస్తుంది.